ఉన్ని బట్టకు కొలబద్ద: ఫినిషింగ్ కొలతలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఉత్తరాదిలో ఒక సూటింగ్ మిల్లు ఫినిషింగ్ విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి హైదరాబాద్‌కు తిరిగొచ్చాను. ఇప్పుడు షేర్వాణీలు, సూట్లు కుట్టించేవాళ్లు, గుడ్డ తెప్పించి అమ్మేవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. ప్రతిసారీ ఫోనులో మొదటినుంచి చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసిపెడుతున్నాను.

బట్ట మంచిదో కాదో చేత్తో పట్టుకుంటే తెలిసిపోతుంది కదా? కొలతలు ఎందుకు?

తెలుస్తుంది. పాతబస్తీ పత్తర్‌గట్టిలో ముప్పై ఏళ్లుగా షేర్వాణీ గుడ్డ అమ్ముతున్న పెద్దమనిషి బట్ట కొసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి నలిపి చూసి, ఇది ఇస్త్రీకి లొంగదని చెబితే నేను వాదించను. పదింట తొమ్మిదిసార్లు ఆయన మాటే నిజమవుతుంది.

చిక్కంతా ఆ మాటను మిల్లుకు చేరవేయడంలో ఉంది. అమృత్‌సర్‌కు ఫోను చేసి "బట్ట బిరుసుగా వచ్చింది" అంటే అక్కడివాళ్లు మెత్తబరిచే రసాయనం ఇంకాస్త పోస్తారు. అసలు లోపం డికటైజింగ్ (చుట్టిన బట్టకు ఆవిరి పట్టించడం) చాలకపోవడం కావచ్చు, మిల్లింగ్ (తడి బట్టను నలిపి దట్టం చేయడం) ఎక్కువవడం కావచ్చు. బిరుసు ఎంత, ఏ దిశలో, వంచితేనా గుంజితేనా అన్నది వేళ్లు అంకెల్లో చెప్పలేవు. పైగా మే నెలలో చేతికి హాయిగా తగిలిన గుడ్డ ఆగస్టులో ఎలా ప్రవర్తిస్తుందో ఏ వేళ్లకూ అందదు.

బట్ట స్పర్శను ఇలా కొలిచే పద్ధతి కొత్తదా?

కాదు. బట్ట స్పర్శను కొలవవచ్చని 1930లోనే ఇంగ్లండ్‌లో పియర్స్ అనే శాస్త్రవేత్త వ్యాసం రాశాడు. బట్టను బల్ల అంచు దాటించి, తన బరువుకు తాను ఎంత వంగుతుందో చూడటం ఆయన నుంచి వచ్చిందే. 1970ల్లో జపాన్‌లో క్యోటో విశ్వవిద్యాలయ ఆచార్యుడు సుయెవో కవబాటా, ఆయన తోటి పరిశోధకురాలు మసాకో నివా కలిసి నాలుగు యంత్రాల వ్యవస్థను తయారుచేశారు. అది గుంజడం, జారడం, వంగడం, నొక్కుడు, ఉపరితలం కలిపి పదహారు లక్షణాలను కొలుస్తుంది. సమగ్రమే కానీ ఖరీదైనది, దాన్ని నడపడానికి చదువుకున్న మనిషి కూడా కావాలి. 1980ల చివర్లో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ ఉన్ని సూటింగ్ కోసమే తేలికైన పద్ధతిని రూపొందించింది. దాని పేరు ఫాస్ట్. మిల్లు వాడకానికి నాకు అదే నచ్చుతుంది. కింద చెప్పినవన్నీ దాదాపుగా దాని లెక్కలే.

ఫాస్ట్‌లో ఏమేమి కొలుస్తారు?

మూడు చిన్న యంత్రాలు, ఒక నీళ్ల పరీక్ష. మొదటిది మందం చూస్తుంది: చదరపు సెంటీమీటరుకు 2 గ్రాముల ఒత్తిడి కింద ఒకసారి, 100 గ్రాముల కింద ఒకసారి. ఈ రెంటి తేడాను ఉపరితల మందం అంటారు, అంటే బట్ట మీది నూగు ఎంతో. రెండోది వంపు పొడవు, దానిమీద బట్ట బరువును బట్టి బిరుసు. మూడోది సెంటీమీటరు వెడల్పుకు 5, 20, 100 గ్రాముల లాగుడుకు బట్ట ఎంత సాగుతుందో చూస్తుంది. పడుగు దిశలో, పేక దిశలో, 5 గ్రాములకు మాత్రం మన మాస్టర్లు 'క్రాస్' అనే ఏటవాలు దిశలో కూడా. నాలుగోది నీళ్ల పరీక్ష. హైదరాబాద్‌వాళ్లకు అన్నిటికంటే ముఖ్యం ఇదే కాబట్టి వేరే ప్రశ్నగా చెబుతాను.

ఎండాకాలంలో కుట్టిన షేర్వాణీ వానాకాలంలో ముందు భాగం ఉబ్బుతోంది. కుట్టు తప్పా, బట్ట తప్పా?

నాకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. సాధారణంగా మాస్టర్‌నే తిడతారు. చాలాసార్లు ఆయన తప్పు ఏమీ ఉండదు.

ఉన్ని గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బాగా తడిసిన గాలిలో తన పొడి బరువులో మూడో వంతు దాకా నీటిని దాచుకోగలదు, అయినా ముట్టుకుంటే తడిగా అనిపించదు. మన ఊళ్లో ఏప్రిల్ మధ్యాహ్నాల్లో గాలి తేమ 30 శాతం చుట్టుపక్కలకు పడిపోతుంది. ఆగస్టు ఉదయాల్లో 80 దాటుతుంది. తేమ ఎక్కినప్పుడు పోగు ఉబ్బి, అల్లికలోని ఒంపులు కాస్త విప్పుకుంటాయి. బట్ట పొడవూ వెడల్పూ పెరుగుతాయి. ఎండితే మళ్లీ తగ్గుతాయి. ఇలా పోయి వచ్చే మార్పును తేమ వ్యాకోచం అందాం. ఇది ముడుచుకుపోవడం కాదు. చాలామంది రెంటినీ కలగలిపేస్తారు.

ముడుచుకుపోవడం ఒక్కసారి జరిగే పని. ఫినిషింగ్‌లో గుంజి ఆరబెట్టిన బట్టకు నీరో ఆవిరో తగిలితే ఆ గుంజుడు విడిచి తన అసలు కొలతకు వస్తుంది. మళ్లీ పెరగదు.

రెంటినీ విడదీసే పరీక్ష ఇలా ఉంటుంది. ముక్క మీద 250 మిల్లీమీటర్ల దూరంలో గుర్తులు పెట్టి, 105 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి, వేడిగా ఉన్నప్పుడే వెంటనే కొలుస్తారు. ఆలస్యం చేస్తే గాలిలోని తేమ పట్టేస్తుంది. తర్వాత నీళ్లలో నానబెట్టి తడిగా కొలుస్తారు. మళ్లీ ఓవెన్‌లో పెట్టి మూడోసారి కొలుస్తారు. మొదట 250.0, తడిగా 256.0, చివర 246.0 వచ్చాయనుకోండి. మొదటిదానికీ చివరిదానికీ తేడా 4, దాన్ని 250తో భాగిస్తే 1.6 శాతం. అది ముడుచుకుపోవడం. తడి కొలతకూ చివరి పొడి కొలతకూ తేడా 10, దాన్ని 246తో భాగిస్తే ఇంచుమించు 4.1 శాతం. అది తేమ వ్యాకోచం.

సూటింగ్‌కు ముడుచుకుపోవడం 0 నుంచి 3 శాతం మధ్య, వ్యాకోచం 6 శాతం లోపు ఉంటే సమ్మతమని ఫాస్ట్ హద్దులు చెబుతాయి. మన వాతావరణానికి, అందులోనూ బుక్రం (లోపల వేసే గట్టి గుడ్డ) అంటించే షేర్వాణీకి నేను వ్యాకోచం 4 దాటగానే జాగ్రత్తపడమంటాను. ఎందుకంటే బుక్రం పెరగదు. దానికి అతుక్కున్న మీటరు పైచిలుకు ముందు భాగం వానలో ఒక్క సెంటీమీటరు పెరిగినా ఆ ఎక్కువైన గుడ్డ పోవడానికి చోటు ఉండదు. ఉబ్బుతుంది. మొదటి బొత్తాం కింద కనిపించే ఆ బుడగ అదే.

ముడుచుకుపోవడం సున్నా అయితే ఇంకా మంచిది కదా?

కాదు. మాస్టర్ చేయి తిప్పేది ఆ కాస్త ముడుచుకునే గుణం మీదే. చేతి మూపు దగ్గర అదనపు గుడ్డను ఆవిరితో లోపలికి కుదించాలన్నా, ఇస్త్రీతో ఆకారం తేవాలన్నా బట్ట కొంత లొంగాలి. సున్నా దగ్గర ఉన్న బట్ట గాజు పలకలా మొండికేస్తుంది. ఆవిరి తగలగానే పెరిగే బట్ట అయితే ఇంకా చెడ్డది. సున్నా ముడుచుకుడు అని గొప్పగా చెప్పే అమ్మకందారును చూస్తే నాకు కాస్త అనుమానమే.

ఎక్కువ ముడుచుకునే బట్టను మిల్లు ఎందుకు పంపుతుంది?

మీటర్ల లెక్కన అమ్ముతుంది కాబట్టి. స్టెంటర్ (బట్ట అంచులను గొలుసులతో పట్టి ఆరబెట్టే యంత్రం) మీద బట్టను పడుగు దిశలో ఒక్క శాతం గుంజి ఆరబెడితే 60 మీటర్ల తాను మీద 60 సెంటీమీటర్లు అదనంగా వస్తాయి. వాటికి బిల్లు పడుతుంది. ఆ మీటర్లను మీ ఆవిరి ఇస్త్రీ తిరిగి మింగేస్తుంది. ప్రతిసారీ మోసమని అనను, చాలాచోట్ల అది అలవాటు. తడి బట్టను యంత్రం లాక్కుంటూ పోతుంది, ఎవరూ పట్టించుకోరు.

విరుగుడు తెలిసినదే. స్టెంటర్‌లోకి గొలుసు వేగం కంటే కొంచెం ఎక్కువ వేగంతో బట్టను తోయాలి. దాన్ని ఓవర్‌ఫీడ్ అంటారు. వెడల్పు కూడా అలాగే. అంగుళం ఎక్కువ చూపిద్దామని పేక దిశలో లాగితే ముడుచుకుడు పెరగడమే కాదు, పేకలోని ఒంపులు చదునై బట్ట సాగే గుణం పోతుంది. భుజాల దగ్గర బిగుతుగా ఉందని కస్టమర్ అంటే, కొన్నిసార్లు ఆ పాపం స్టెంటర్ వెడల్పుది.

డికటైజింగ్ ఎంత ఎక్కువైతే అంత మంచిదా?

ఉన్ని ఫినిషింగ్‌లో మనసు పెట్టాల్సిన ఘట్టం ఇది. బట్టను మరో గుడ్డతో కలిపి చుట్టి ఆవిరి పట్టిస్తారు. పోగుల మధ్య ఉన్న బిగువు విడిపోతుంది, నూగు అణుగుతుంది, బట్ట మెత్తగా, చదునుగా, నిగారింపుతో వస్తుంది.

పోగులో రెండు రకాల బంధాలుంటాయి. ఒక రకం తేమకూ వేడికీ తెగి, ఎండగానే మళ్లీ కట్టుకుంటాయి. మీరు ఇంట్లో ఇస్త్రీ చేసినప్పుడు పడే మడత ఇదే. వాన చినుకులు పడితే పోతుంది. రెండోది గంధకపు బంధాలు. అవి అధిక ఉష్ణోగ్రతలో, తగినంత తేమతో, కాస్త సమయం ఇస్తేనే కొత్త చోట్ల కట్టుకుంటాయి. అది శాశ్వతం. మామూలు ఆవిరి డికటైజింగ్ ఎక్కువగా మొదటి రకాన్ని ఇస్తుంది. మూసిన పాత్రలో ఒత్తిడితో చేసేది రెండో రకాన్ని ఇస్తుంది.

అయితే ఒత్తిడిదే మేలు కదా అంటారు. దానికి మూల్యం ఉంది. బట్టకు శాశ్వత సెట్టింగ్ పెరిగేకొద్దీ తేమ వ్యాకోచం కూడా పెరుగుతుంది. క్రాబింగ్‌లోనూ (బట్టను బిగువుగా చదును చేసి వేడి నీళ్లలో నిలపడం), మరిగే నీటిలో బట్ట తానుకు రంగు వేసినప్పుడూ ఇదే జరుగుతుంది. చదునుగా, నిలిచే మెరుపుతో, చేతికి వెన్నలా వచ్చిన బట్టే ఆగస్టులో ఉబ్బేది కావచ్చు. తెల్ల బట్ట అయితే పసుపు తిరిగే ప్రమాదం, ఏ బట్టకైనా బలం తగ్గే ప్రమాదం అదనం. ఎక్కడ ఆపాలో చేయి చెప్పదు. చేతికి ప్రతి అదనపు నిమిషమూ బాగానే తోస్తుంది.

ఇంకో మాట. పూర్తిగా ఎండిన బట్టకు సెట్టింగ్ సరిగా అందదు. స్టెంటర్ నుంచి ఎముకలా ఎండి వచ్చిన తానును నేరుగా డికటైజింగ్‌లో పెట్టి, ఫలితం రాలేదని సమయం పెంచేవాళ్లను చూశాను. ముందు బట్టలో తేమ చూసుకోవాలి. సమయం సంగతి తర్వాత.

షోరూములో ఉన్న నిగారింపు మొదటి ఆవిరి ఇస్త్రీకే పోయింది. ముందే తెలుసుకోవచ్చా?

తేలికగా. ఉపరితల మందాన్ని వచ్చిన బట్ట మీద కొలవండి, ఆవిరి పట్టి వదిలేసిన ముక్క మీద మళ్లీ కొలవండి. మొదట 0.14 మిల్లీమీటర్లు ఉండి ఆవిరి తర్వాత 0.21 అయిందంటే నూగు అణిగింది పైపైనే. రెండు అంకెలూ దగ్గరగా ఉంటే ఆ మెరుపు నిలుస్తుంది.

పలుచని బట్ట చాలా మెత్తగా ఉంది, కానీ కుట్టు పొడవునా ముడతలు. దారం మార్చాలా?

మార్చి చూడండి, కానీ ముందు ఒక లెక్క వేయండి. కుట్టు పడేటప్పుడు దారం బట్టను పొడవునా కొంచెం నొక్కుతుంది. ఆ నొక్కుడును బట్ట తనలో ఇముడ్చుకోగలగాలి, లేకపోతే ముడత పడుతుంది. ఇముడ్చుకునే ఈ శక్తిని రెండు అంకెల నుంచి లాగుతారు: బట్ట బిరుసు, కొద్దిపాటి లాగుడుకు సాగే గుణం.

చదరపు మీటరుకు 200 గ్రాముల బట్ట, వంపు పొడవు 18 మిల్లీమీటర్లు అనుకుందాం. 18ని మూడుసార్లు గుణిస్తే 5832. దాన్ని 200తోనూ, ఫాస్ట్ స్థిరాంకం 0.00000981తోనూ గుణిస్తే బిరుసు 11.4 మైక్రోన్యూటన్ మీటర్లు వస్తుంది. ఇప్పుడు 20 గ్రాముల లాగుడుకు వచ్చిన సాగుడు నుంచి 5 గ్రాముల సాగుడు తీసేయాలి. ఆ తేడా 0.8 శాతమైతే, 0.8ని 11.4తో గుణించి 14.7తో భాగిస్తే 0.62. హాయి. తేడా 0.3 మాత్రమే అయితే 0.23 వస్తుంది. హద్దు 0.25. బిరుసు మారలేదు, అయినా రెండో బట్టకు ముడతలు తప్పవు. పడుగు దిశలో గుంజి ఆరబెట్టిన బట్టకు ఈ అంకె పడిపోతుంది. మళ్లీ స్టెంటర్ దగ్గరికే వచ్చాం, చూశారా.

ఏటవాలు సాగుడు కూడా చూడండి. 123ని ఆ శాతంతో భాగిస్తే జారుడు బిరుసు వస్తుంది, అంటే బట్ట ఏటవాలుగా ఒరగడానికి ఎంత మొండికేస్తుందో. సాగుడు 2.5 శాతమైతే 49, బాగుంది. 1.3 అయితే 95 దాకా పోతుంది. 80 దాటితే మూపు దగ్గర బట్ట తిరగదు, 30 కిందకు దిగితే బల్ల మీద పరిచి కత్తిరిస్తుంటేనే వంకర పోతుంది.

యంత్రాలు కొనే స్తోమత లేదు. దుకాణంలో ఏం చేయగలను?

చాలా. వడ్రంగితో ఒక పెట్టె చేయించండి, దాని ముందు పలక అడ్డ గీతకు 41.5 డిగ్రీల కిందికి వాలి ఉండాలి. ఐదు సెంటీమీటర్ల వెడల్పు పట్టీని పై అంచు మీదుగా స్కేలుతో పాటు నెమ్మదిగా ముందుకు తోయండి. పట్టీ కొస వంగి వాలు పలకను తాకగానే ఆపండి. బయటికి వచ్చిన పొడవులో సగమే వంపు పొడవు. 36 మిల్లీమీటర్లు వస్తే 18 అన్నమాట. నా పెట్టె టేకు ముక్కలతో చేసినది, పదేళ్లుగా పనిచేస్తోంది.

నీళ్ల పరీక్షకు ఓవెన్ లేకపోయినా పర్వాలేదు. గుర్తులను దారంతో కుట్టండి, పెన్ను గీత చెరిగిపోతుంది. కొలిచి, చుక్క సబ్బు కలిపిన నీళ్లలో అరగంట నానబెట్టి తడిగా కొలిచి, లాగకుండా పరిచి ఆరబెట్టి, మొదట ఉంచిన గదిలోనే ఒక రోజు ఉంచి మళ్లీ కొలవండి. ఈ అంకెలు ఫాస్ట్ అంకెలతో సరిపోవు, ఆ హద్దులతో పోల్చకండి. మీ దగ్గర బాగా నడిచిన బట్టతో పోల్చండి. ఆ పాత బట్ట ముక్కే మీకు కొలబద్ద.

మన వాతావరణం కొలతలనే చెడగొట్టదా?

చెడగొడుతుంది. అందుకే ప్రయోగశాలలో గాలి తేమను 65 శాతం దగ్గర, ఉష్ణోగ్రతను 20 డిగ్రీల దగ్గర నిలుపుతారు. మన దేశంలో 27 కూడా వాడతారు. అలాంటి గది లేకపోతే పాత ముక్కనూ కొత్త ముక్కనూ ఒకే బల్ల మీద ఒకే రాత్రి ఉంచి, మర్నాడు ఒకే మనిషి కొలవాలి. తూకం మీద కొనేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి. ఒకే తాను మేలో ఒక బరువు, ఆగస్టులో ఒక బరువు తూగుతుంది.

ఇంకో వింత. తడి నుంచి ఎండుతూ వచ్చిన ఉన్ని, పొడి నుంచి తడి పట్టిన ఉన్ని అదే గాలిలో ఉన్నా ఒకే తేమ పట్టవు. ఎండుతూ వచ్చినదే ఎక్కువ దాచుకుంటుంది. అందుకే ముక్కలన్నిటినీ ఒకే వైపు నుంచి తీసుకురండి.

ఉన్ని, పాలియెస్టర్ కలిసిన బట్టకు ఇవన్నీ అవసరమా?

పాలియెస్టర్ నీటిని దాదాపుగా పట్టదు కాబట్టి వ్యాకోచం భయం తక్కువ. సాగుడు, జారుడు మాత్రం చూడాల్సిందే.

గొంగడికి ఈ కొలతలు పనికొస్తాయా?

ఒక చేనేత మిత్రుడు అడిగిన ప్రశ్న. దక్కనీ గొర్రె ఉన్ని ముతకది, నల్లనిది. పడుగుకు చింత పిక్కల గంజి పట్టించి నేస్తారు. అది సూటింగ్ కాదు, ఆ హద్దులు దానికి పెడితే అన్నీ తప్పినట్టే కనిపిస్తాయి. గొర్రెల కాపరికి కావలసింది వాన ఆగడం, చలి ఆగడం, బొంతలా పరుచుకోవడం. మందం, వంపు పొడవు, గాలి చొరబాటు కొలిచి, పెద్దవాళ్లు మెచ్చిన పాత గొంగడితో పోల్చితే చాలు. గంజి ఉతికాక పోతుంది కాబట్టి ఉతకకముందూ ఉతికాకా కొలవాలి. నాకైతే ఈ పని ఎవరైనా శ్రద్ధగా చేస్తే చూడాలనుంది.

అంకెలన్నీ హద్దుల్లోనే ఉన్నాయి. అయినా కస్టమర్ వద్దన్నాడు.

జరుగుతుంది. ఫాస్ట్ చెప్పేది ఈ బట్టను కుట్టవచ్చా, కుట్టాక నిలుస్తుందా అన్నదే. ఒంటికి నచ్చుతుందా అన్నది వేరే. కవబాటా ఆ వైపు కూడా ప్రయత్నించాడు. నిపుణుల వేళ్లు ఇచ్చిన తీర్పులను కూర్చి, కోషి అంటే బిగి, నుమెరి అంటే నున్నదనం, ఫుకురామి అంటే నిండుదనం అని పేర్లు పెట్టి ఒక్కోదానికి 10 వరకు మార్కులు, మొత్తానికి 5 వరకు మార్కులు వేసే సూత్రాలు తయారుచేశాడు. కానీ అవి జపాన్ నిపుణుల అభిరుచి మీద కట్టినవి. ఇక్కడి పెళ్లికొడుకు షేర్వాణీ నిటారుగా నిలబడాలంటాడు, ఒంటిని అంటిపెట్టుకునే మెత్తదనం అతనికి అక్కర్లేదు. పత్తర్‌గట్టి పెద్దమనిషి వేళ్లకు ఇప్పటికీ పని ఉంది.

మిల్లులో మొదలుపెట్టాలంటే ఎక్కడినుంచి?

ఒక్క రకం గుడ్డతో. తయారైన తానును మాత్రమే కొలిచి, తప్పు వచ్చిందని తెలుసుకుంటే లాభం లేదు, అప్పటికే ఆలస్యం. మగ్గం నుంచి వచ్చినప్పుడు, కడిగాక, స్టెంటర్ తర్వాత, డికటైజింగ్ తర్వాత ఒక్కో ముక్క తీయండి. తాను కొసల దగ్గర, అంచుల దగ్గర తీయవద్దు. నాలుగు ముక్కల అంకెలను పక్కపక్కన రాస్తే ఏ యంత్రం దగ్గర ఏది మారిందో కళ్లకు కడుతుంది.

ఒకసారికి ఒక్కటే మార్చండి. ఇది నా తల మీద పడిన పాఠం. ఒక రాత్రి పాళీలో ఓవర్‌ఫీడ్ పెంచి, వెడల్పు తగ్గించి, ఆవిరి సమయం కూడా కుదించాం. తెల్లారేసరికి అద్భుతమైన బట్ట వచ్చింది. సూపర్‌వైజర్ లడ్డూలు పంచాడు. ఆ మూడింటిలో ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు, అంకెలు రాసిపెట్టుకున్నవాడు లేడు. మరుసటి వారం వచ్చిన తానుకు అవే మూడూ చేస్తే పేక అంతా వదులైపోయింది. అప్పటినుంచి స్టెంటర్ పక్కనే ఒక చిట్టా పుస్తకం, దారంతో కట్టిన పెన్సిల్ వేలాడదీశాను.